అలసిపోయే హైమ, ఆమె మేనమామ శంకరం

ఇలా దగ్గరికి జరుగు అమ్ములూ. దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. పొద్దున నీ నోటుబుక్కులో కణం బొమ్మ చూపించావు కదా. అందులో చిక్కుడు గింజల్లా ఉన్నవాటికి ఎర్ర రంగు వేశావు చూడు, వాటిని చూడగానే నాకొక పిల్ల గుర్తొచ్చింది. ఇవాళ ఆ పిల్ల కథ చెప్తాను. ఇది నవ్వే కథ కాదు. మధ్యలో ఏడుపొస్తే ఏడువు, నేనేమీ అనను.

అనగా అనగా, మరీ అంత అనగనగా కూడా కాదులే, మీ అమ్మ పరికిణీలు కట్టుకునే రోజుల్లో, గోదావరి కాలవ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో ఎటు చూసినా మొక్కలే. నర్సరీలంటారు. వరి చేలు వేసినట్టు మొక్కలు వేస్తారు. లారీలకి లారీలు ఎక్కించి ఎక్కడెక్కడికో పంపుతారు.

ఆ ఊళ్ళో మా పక్కింట్లో సూరిబాబు, వీరవేణి అని ఆలుమగలు ఉండేవాళ్ళు. ఇద్దరూ చిన్న నర్సరీ చూసుకునేవాళ్ళు. వాళ్ళకి ఒక్కతే కూతురు. పేరు హైమ.

హైమ పుట్టినప్పుడు బొద్దుగా ఉండేది. అందరి పిల్లల్లాగే బోర్లా పడింది, పాకింది, నడిచింది. మాటలైతే మూడేళ్ళకే పెద్ద ఆరిందాలా మాట్లాడేది. మా అరుగు మీద కూర్చుని, ఏ మొక్కకి ఎన్ని ఆకులొచ్చాయో నాకు లెక్క చెప్పేది.

ఆ తర్వాత ఏడో ఏడు వచ్చింది. అప్పటినుంచి పిల్ల ఎదుగుదల ఆగింది. తోటిపిల్లల భుజాల దగ్గరే ఉండిపోయింది. కాలవ గట్టు దాకా నడిస్తే చాలు, కూర్చుండిపోయేది. కాళ్ళు లాగుతున్నాయనేది. అన్నం సగంలో ఆపేసి, నమలలేకపోతున్నానమ్మా, అనేది.

ఎవరికి మాత్రం ఏం తెలుసు చెప్పు. మొహం చూస్తే బాగానే ఉంది. జ్వరం లేదు, దెబ్బ లేదు. అందుకని అందరూ ఒకటే మాట అన్నారు. పిల్లకి బద్ధకం, అన్నారు.

ముందు బళ్ళో అన్నారు. ఆటల పీరియడ్‌లో పిల్లలందరినీ మైదానం చుట్టూ మూడు చుట్లు పరిగెత్తమన్నారట. హైమ ఒక్క చుట్టు కూడా పూర్తి చేయకుండా నేల మీద కూర్చుంది. మాస్టారు ఆ పిల్లని మధ్యాహ్నం బెల్లు కొట్టేదాకా ఎండలో నిలబెట్టారు. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది.

ఆ తర్వాత నాన్న అన్నాడు. ఒకరోజు లారీ వచ్చింది, కూలీలు తక్కువయ్యారు. సూరిబాబు కూతురి చేతికి రెండు బంతిమొక్కల సంచులిచ్చి లారీ దగ్గర పెట్టమన్నాడు. హైమ నాలుగడుగులు వేసి రెండూ కింద పడేసింది. ఇంత తిండి తింటావు, ఇంత పనికి పనికిరావు, అని కూలీల ముందే కసిరాడు.

మూడోసారి అమ్మే కొట్టింది.

అది నేను చూశాను అమ్ములూ. బడికి వేళ మించిపోయింది. హైమ గుమ్మంలో కూలబడి, ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. వేసుకోమంటే, కాస్త ఆగమ్మా, చెయ్యి రావట్లేదు, అంది. వీరవేణి అప్పటికి మూడుసార్లు పిలిచి ఉంది. పొయ్యి మీద అన్నం మాడుతోంది. విసురుగా వచ్చి వీపు మీద ఒకటి వేసింది. పిల్ల ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆ తర్వాత పది రోజులకి హైమకి ఫిట్స్ వచ్చింది.

ముందు ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన బలానికి టానిక్కు రాశాడు. తగ్గలేదు. అప్పుడు కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడ ఫిట్స్ మాత్రలిచ్చారు. ఫిట్స్ తగ్గింది గానీ, పిల్లకి కుడివైపు చూపు మసకేసింది. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్ళారు. అక్కడ పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ హైమని రెండు రోజులు ఉంచుకుని చూసింది. రక్తం తీసింది. వీరవేణి నెత్తురు కూడా తీసింది. తొడ దగ్గర మత్తిచ్చి గోరంత కండ తీసి పరీక్షకి పంపింది.

నెల తర్వాత మళ్ళీ రమ్మంటే ముగ్గురూ వెళ్ళారు. అప్పుడు ఆ డాక్టరమ్మ వీరవేణితో మొట్టమొదట అన్న మాట ఇది.

"మీ పిల్ల బద్ధకం చెయ్యట్లేదమ్మా. దానికి నిజంగానే శక్తి లేదు."

వీరవేణికి గుమ్మంలో వేసిన దెబ్బ గుర్తొచ్చింది. చెయ్యి కొంగులో దాచుకుంది. తర్వాత నాతో చెప్పింది, ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు అక్కా, అని.

అప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని బొమ్మ గీసింది. అచ్చం నువ్వు గీసిన బొమ్మే. మన ఒళ్ళంతా కణాలేనట. ఒక్కో కణంలో వందలకొద్దీ చిన్న చిన్న గింజల్లాంటివి ఉంటాయట. వాటి పేరేంటి? ఆఁ, మైటోకాండ్రియా. నీకు నోరు తిరిగింది, నాకు తిరగడానికి నెల పట్టింది.

ఒక్కోదానికి రెండు పొరలుంటాయట. పై పొర నున్నగా ఉంటుంది. లోపలి పొర మాత్రం చీర కుచ్చిళ్ళలా మడతలు మడతలుగా ఉంటుంది. ఎందుకలా, అని హైమే అడిగిందట. డాక్టరమ్మకి ఆ ప్రశ్న నచ్చింది. ఆరు గజాల చీర మీ అమ్మ నడుము దగ్గర ఇంత చోటులో ఎలా పట్టింది, కుచ్చిళ్ళు పోస్తేనే కదా, అలాగే ఎక్కువ పని జరగాలంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే మడతలు, అని చెప్పింది.

ఏం పని, అని అడిగింది హైమ.

మనం తిన్న అన్నం కరిగి అక్కడిదాకా వెళ్తుందట. మనం పీల్చిన గాలి కూడా అక్కడికే వెళ్తుందట. ఆ మడతల మీద గాలి సాయంతో అన్నంలోని సత్తువని అవి బయటికి తీస్తాయట. పొయ్యిలో కట్టె మండితే వేడి వస్తుంది కదా, అలా. కాకపోతే మంట ఉండదు, పొగ ఉండదు. ఆ సత్తువతోనే కన్ను చూస్తుంది, కాలు నడుస్తుంది, గుండె కొట్టుకుంటుంది. కండకి, మెదడుకి, కంటికి అది అన్నిటికంటే ఎక్కువ కావాలి.

హైమ ఒంట్లో ఆ గింజలు చాలావరకు పాడైపోయి ఉన్నాయి. అన్నం అక్కడిదాకా వెళ్తోంది, గాలి వెళ్తోంది, కానీ సత్తువ రావట్లేదు. సగంలో ఆగిపోయిన అన్నం ఒంట్లోనే పులిసిపోతోంది. అందుకే కాళ్ళు లాగుతాయి, వాంతులవుతాయి. బలవంతాన పరిగెత్తిస్తే ఇంకా పులుస్తుంది.

సూరిబాబు అడిగాడు, మందేమిటండీ, అని. కాస్త ఊతానికి విటమిన్లున్నాయి, ఫిట్స్‌కి మాత్రలున్నాయి, అసలు జబ్బుకి మందు లేదు, అని చెప్పింది డాక్టరమ్మ. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను, అని కూడా చెప్పింది. అబద్ధం చెప్పే మనిషి కాదావిడ.

ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. ఆ గింజలు అమ్మ నుంచే వస్తాయట. నాన్న నుంచి రావు. అమ్మ కడుపులో అండంలో ఉన్నవే బిడ్డ ఒంటినిండా పెరుగుతాయి. అమ్మకి వాళ్ళ అమ్మ నుంచి, ఆవిడకి వాళ్ళ అమ్మ నుంచి. అమ్మ అండంలో మంచివీ పాడైనవీ కలిసి ఉంటే, ఏ బిడ్డకి ఎన్ని పాడైనవి వెళ్తాయో ఎవరి చేతుల్లోనూ ఉండదు. అమ్మకి తక్కువే ఉంటే అమ్మ బాగానే ఉంటుంది. వీరవేణి నెత్తురులో అవి కొంచెం కనిపించాయి.

"నా నుంచి వచ్చిందాండీ?" అని అడిగింది వీరవేణి.

"నీ నుంచే వచ్చిందమ్మా. అది నీ తప్పు మాత్రం కాదు," అంది డాక్టరమ్మ.

ఆ రెండో మాట వీరవేణి చెవికి ఎక్కలేదు. రైల్లో వస్తున్నంతసేపూ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ రెండో రోజు సాయంత్రం సూరిబాబు పళ్ళెంలో అన్నం కలిపి తెచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"దాని ముక్కు నీది. దాని మొండితనం నీది. నీ దగ్గర ఉన్నవన్నీ తీసుకుంది, ఇదీ తీసుకుంది. నువ్వు చూసి ఇచ్చావా ఏంటి? తిను," అన్నాడు.

అప్పుడు తింది.

కానీ వీరవేణి మనసులో ఇంకోటి మెదులుతూ ఉంది. డాక్టరమ్మ ఆఖరున ఒక మాట అడిగింది. మీ అమ్మగారి వైపు ఇలా ఎవరైనా ఉన్నారా, చిన్నప్పుడు అలసిపోయినవాళ్ళు, ఫిట్స్ వచ్చినవాళ్ళు, తొందరగా పోయినవాళ్ళు, అని. తెలీదండీ, అంది అప్పటికి. కానీ తెలుసు. వీరవేణికి ఒక అన్నయ్య ఉండేవాడు. ఆవిడకి ఆరేళ్ళప్పుడు, అతనికి పదకొండేళ్ళప్పుడు పోయాడు. పేరు గౌరీశంకరం. జ్వరం వచ్చి పోయాడని చెప్పేవాళ్ళు. ఇంట్లో ఎవరూ అతని మాట ఎత్తేవాళ్ళు కాదు. అన్నయ్యంటే వీరవేణికి గుర్తున్నది ఒకటే. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట కూర్చుని ఉండేవాడు.

అందుకని ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. కోనసీమలో గోదావరి పాయ అవతల, లంకలో వాళ్ళ పుట్టిల్లు. పంటు పడవ ఎక్కి పాయ దాటింది. వాళ్ళమ్మ మంగాయమ్మ ఒక్కతే ఉంటుంది ఆ ఇంట్లో. మొగుడు ఎప్పుడో పోయాడు. రెండు గేదెలు, నాలుగు కొబ్బరిచెట్లు. ఎండిన కమ్మలు చీరి ఈనెలు తీస్తోంది ఆవిడ, కూతురు వెళ్ళేసరికి.

వీరవేణి ఎదురుగా కూర్చుంది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పింది. గింజలు, మడతలు, అన్నం, గాలి, అన్నీ. మంగాయమ్మ ఈనెలు తీస్తూనే వింది. పిల్లకి నిజంగా శక్తి లేదట, అన్న దగ్గర ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

"బద్ధకం కాదా?" అంది.

"కాదమ్మా."

"కాళ్ళు రావట్లేదంటే, నిజంగా రావా?"

"నిజంగానే రావమ్మా."

మంగాయమ్మ కత్తి కింద పెట్టింది. ఆ తర్వాత మెల్లగా చెప్పుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఎవరికీ చెప్పని మాట.

మొగుడు పోయిన కొత్తలో మంగాయమ్మ కూలికి వెళ్ళేది. తెల్లారితే ఇద్దరు పిల్లల్ని పంపి పనిలోకి పోవాలి. శంకరం లేచేవాడు కాదు. లేచినా నడిచేవాడు కాదు. దారిలో చతికిలపడేవాడు. ఊళ్ళో పిల్లలు వాడికి చతికిలి అని పేరు పెట్టారు. పెద్దవాళ్ళూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. మగపిల్లాడు, తండ్రి లేనివాడు, ఇలా తయారైతే రేపు ఎలా బతుకుతాడు, అని ఆవిడకి భయం. ఆ భయమే కోపమైంది.

ఒకరోజు శంకరం, అమ్మా, ఇవాళ కాళ్ళు రావట్లేదే, ఇవాళొక్కరోజు వదిలెయ్యవే, అని బతిమాలాడు. ఆవిడ చింతబరికె తీసుకుంది. లంక గట్టు మీద బడిదాకా నడిపించింది. దారిలో మూడుసార్లు పడ్డాడు. మూడుసార్లూ బరికెతో లేపింది. బళ్ళో కూర్చోబెట్టి పనిలోకి పోయింది. సాయంత్రం వాణ్ణి ఎవరో భుజం మీద వేసుకుని తెచ్చారు. వాంతులు, ఆ తర్వాత ఫిట్స్. మూడో రోజు పోయాడు.

"అయితే వాడు నాకు అబద్ధం చెప్పలేదన్నమాట," అంది మంగాయమ్మ.

"చెప్పలేదమ్మా. అన్నయ్య నిజమే చెప్పాడు."

అప్పుడు ఆవిడ ఏడ్చింది. చీరకొంగు నోట్లో కుక్కుకుని, ఒళ్ళంతా ఊగిపోతూ ఏడ్చింది. వీరవేణి కూడా తన దెబ్బ సంగతి చెప్పింది. నేనూ కొట్టానమ్మా, అంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం పంటు వెళ్ళిపోయింది. సాయంత్రం పంటుకి ఇద్దరూ కలిసి బయల్దేరారు. గేదెల్ని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, మంగాయమ్మ మనవరాలి దగ్గరికి వచ్చేసింది.

ఏంటమ్మా? ఆఁ, ఏడుస్తున్నావా. ఏడువు. ఇదిగో నా కొంగు. ఆపెయ్యనా? వద్దా? సరే.

మంగాయమ్మ వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ హైమని తొందర పెట్టలేదు. ఆవిడ పెట్టనివ్వలేదు. స్నానం చేయించడానికి గంట పట్టినా సరే, అన్నం ముద్ద నమలడానికి ఎంతసేపైనా సరే, పక్కనే కూర్చునేది. సూరిబాబు బడికి వెళ్ళి మాస్టారికి కాగితాలు చూపించాడు. మాస్టారు ఇంటికొచ్చి హైమ మంచం పక్కన తలొంచుకుని కూర్చున్నారు. ఆ తర్వాత వారానికి రెండుసార్లు వచ్చి పాఠాలు చెప్పేవారు. కథల పుస్తకాలూ చదివి వినిపించేవారు.

ఒకరోజు పొద్దున అరుగు మీద కూర్చుని హైమ అడిగింది.

"అమ్మమ్మా, శంకరం మామయ్య కూడా నాలాగే అలసిపోయేవాడా?"

"అవును తల్లీ."

"నువ్వు ఎత్తుకునేదానివా?"

మంగాయమ్మకి అబద్ధం చెప్పాలనే అనిపించింది. చెప్పలేకపోయింది. లేదమ్మా, తెలియక కొట్టాను, అంది. హైమ రెండు చేతులూ చాచింది.

"అయితే ఇప్పుడు నన్నెత్తుకో," అంది.

ఎత్తుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల అయినా ఐదేళ్ళ పిల్ల బరువే ఉంది. ఎత్తుకుని నర్సరీ అంతా తిప్పింది. ఆ రోజు నుంచి రోజూ పొద్దున అదే పని.

అలా తిప్పుతున్నప్పుడే ఒకరోజు సూరిబాబు నిమ్మనారు దగ్గర వంగి ఏదో ఏరుతుంటే చూసింది హైమ. నిమ్మగింజలు మొలిచినప్పుడు పచ్చటి మొలకల మధ్య ఎక్కడో ఒకటి తెల్లగా వస్తుంది. పాలు పోసినట్టు తెల్లగా. నర్సరీవాళ్ళు వాటిని ఏరి పారేస్తారు. ఎందుకు పీకుతున్నావు నాన్నా, అని అడిగింది.

సూరిబాబు చెప్పాడు. ఆకులో పచ్చ ఉంటేనే మొక్క అన్నం వండుకుంటుంది. నువ్వు చదివావు కదా అమ్ములూ, హరితరేణువులని, అవే. వాటికీ రెండు పొరలే. లోపల పచ్చటి బిళ్ళలు దొంతర్లు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. ఎండని అవే పట్టుకుంటాయి. ఎండ, నీళ్ళు, గాలి కలిపి తీపి తయారు చేస్తాయి. మొక్క ఒంట్లోనూ మన ఒంట్లో గింజల్లాంటివి ఉంటాయి, కానీ వాటికి మండించడానికి ముందు ఆ తీపి ఉండాలి కదా. హరితరేణువులు సరిగ్గా లేని మొలక తెల్లగా పుడుతుంది. గింజలో తల్లి దాచిపెట్టిన తిండి ఉన్నన్నాళ్ళు ఉంటుంది, అయిపోతే పోతుంది. ఇంత చెప్పాక, ఎవరితో చెప్తున్నాడో అతనికి తెలిసొచ్చింది.

"నేనూ తెల్ల మొలకలాంటిదాన్నేనా నాన్నా?" అని అడిగింది హైమ.

సూరిబాబు మట్టి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"కొంచెం," అన్నాడు.

"అయితే వాటిని పీకెయ్యకు. ఉన్నన్నాళ్ళు ఉండనీ."

సూరిబాబు సరేనన్నాడు. ఏరి పక్కన పెట్టిన రెండు తెల్ల మొలకల్ని మళ్ళీ మట్టిలో గుచ్చి, నీళ్ళు చిలకరించాడు. ఆ తర్వాత కాలవ దగ్గరికి వెళ్ళి, మెట్ల మీద కూర్చుని, చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ ఏడాది సూరిబాబు నర్సరీలో ఒక్క తెల్ల మొలక కూడా ఎవరూ పీకలేదు. వాటి ఆయుష్షు తీరాక అవే వాడిపోయాయి.

హైమకి పదో ఏడు వచ్చింది. ఎండాకాలం మొదట్లో ఒకసారి పెద్దగా ఫిట్స్ వచ్చి, ఎడమ చెయ్యి పడిపోయింది. మామిడికాయల రోజుల్లో ఇంకోసారి వచ్చి, చూపు మొత్తం పోయింది. చూపు పోయినా అరుగు మీదే కూర్చోబెట్టమనేది. నా గాజుల చప్పుడు విని, పెద్దమ్మా వచ్చావా, అనేది. లారీ వచ్చిందా, ఏ మొక్కలు వెళ్తున్నాయి, అని అడిగేది. నేను చెప్పేదాన్ని. కనకాంబరాలే తల్లీ, సపోటా అంట్లే తల్లీ, అని.

శ్రావణమాసంలో మూడోసారి వచ్చింది. ఈసారి తేరుకోలేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వారం ఉంచుకుని ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున, వాన వెలిసింది. పిల్లలు బడికి వెళ్తున్న మాటలు వీధిలో వినిపిస్తున్నాయి. హైమ వీరవేణి ఒళ్ళో ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. కాస్త తెలివొచ్చింది పిల్లకి.

"ఇవాళ నేను బడికి వెళ్ళాలామ్మా?" అంది.

"అక్కర్లేదమ్మా."

"ఎవరూ ఏమీ అనరా?"

"ఎవరూ ఏమీ అనరు. నువ్వు పడుకో."

వీరవేణి ఆ చేత్తోనే, దెబ్బ వేసిన చేత్తోనే, పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది. బడి బెల్లు కొట్టారు. ప్రార్థన మొదలైంది. అది అయిపోయేసరికి హైమ లేదు.

ఎవరూ గట్టిగా ఏడవలేదు. పిల్ల నిద్రపోతున్నట్టే ఉంది, లేస్తుందేమో అన్నట్టే ఉన్నారందరూ.

దినవారాలయ్యాయి. ఆ తర్వాత మంగాయమ్మ, ఇంక నేను మా ఊరు వెళ్తాను, అంది. వీరవేణి ఉండమని అడిగింది. సూరిబాబూ అడిగాడు. లేదు, నాకక్కడ ఒక పనుంది, అందావిడ. ఏం పనో చెప్పలేదు. వీరవేణి ఒక్కదాన్నే పంపలేక తోడు వెళ్ళింది. ఆ సంగతంతా తిరిగొచ్చాక ఆమే నాకు చెప్పింది.

పంటు దిగగానే మంగాయమ్మ ఇంటివైపు వెళ్ళలేదు. నేరుగా శంకరానికి పాఠం చెప్పిన మాస్టారింటికి వెళ్ళింది. వాకిట్లో ఆయన భార్య బియ్యం చెరుగుతోంది. మాస్టారు పోయి రెండేళ్ళయిందట. మంగాయమ్మ లంకలోనే ఉంటుంది కదా, ఆ మాట ఆవిడకీ తెలుసు. అయినా వెళ్ళింది. మీ ఆయన లేకపోయినా మీరైనా వినండి, మా వాడు బద్ధకస్తుడు కాదు, వాడికి జబ్బు, అని చెప్పింది. ఆవిడ అయ్యో అంది. ఆ పిల్లవాడు ఆవిడకి అసలు గుర్తే లేడు.

ఆ తర్వాత పాత పొరుగింటి వెంకాయమ్మ దగ్గరికి వెళ్ళింది. నీ కొడుకు వేషాలేస్తున్నాడే, నాలుగు తగిలించు, అని రోజూ చెప్పిన మనిషి. వెంకాయమ్మకి ఇప్పుడు మతిమరుపు. మంగాయమ్మ చెప్పిందంతా నవ్వుతూ వింది. శంకరం ఎవరు, అని అడిగింది. మంచినీళ్ళు తాగి వెళ్ళమంది.

వీరవేణి చెయ్యి పట్టుకుని, ఇంక పోదాం పదమ్మా, అంది. ఇంకొక్కడున్నాడు, అంది మంగాయమ్మ.

రేవు దగ్గర టీకొట్టు నూకరాజు. శంకరంతో ఒకే బల్ల మీద కూర్చుని చదివినవాడు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. పంటు కోసం ఎదురుచూసే జనంతో కొట్టు నిండా సందడి. మంగాయమ్మ అందరి మధ్యలోనే నిలబడి అడిగింది, మా అబ్బాయి గుర్తున్నాడా నూకరాజూ, అని.

"గుర్తులేకపోవడమేంటండీ అత్తా. మన చతికి..." అంటూనే ఆగిపోయాడు.

మంగాయమ్మ చెప్పింది. గింజల సంగతి, సత్తువ సంగతి ఆవిడకి ఎంత తెలిస్తే అంత చెప్పింది. మనవరాలి సంగతి చెప్పింది. వాడు కూలబడింది నిజంగా నడవలేక, నాతో నిజమే చెప్పాడు, నేనే నమ్మలేదు, అంది.

నూకరాజు పొయ్యి మీద పాలగిన్నె దింపేశాడు. టీ అడుగుతున్నవాళ్ళకి ఆగమని చెయ్యి చూపించాడు.

"ఆ రోజు బడి వదిలాక వాణ్ణి మోసుకొచ్చింది మా నాన్నేనండీ. అంతకు ముందు రోజు నన్ను సంచి మొయ్యమన్నాడు అత్తా. నేను మొయ్యనన్నాను. ఎగతాళి చేశాను," అన్నాడు.

అని, పిల్లాడిలా నిలబడిపోయాడు. మంగాయమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు పదకొండేళ్ళ పిల్లాడివి. నాకు తెలియంది నీకేం తెలుస్తుంది. నాకొక్కటి చెయ్యి నాయనా. వాడి పేరు చెప్పు. వీళ్ళందరూ వినేలా చెప్పు."

నూకరాజు కొట్టులో ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. పంటు అప్పుడే రేవుకి వస్తోంది. అతను గొంతు సవరించుకున్నాడు.

"గౌరీశంకరం," అన్నాడు. "నా పక్కనే కూర్చునేవాడు. లెక్కలు నాకంటే బాగా చేసేవాడు."

మంగాయమ్మకి ఆ సంగతి తెలియదు. కొడుకు లెక్కలు బాగా చేసేవాడని ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత, ఆ టీకొట్టులో, మొదటిసారి వింది. ఇంకా చెప్పు నాయనా, అని అక్కడే బల్ల మీద కూర్చుంది.

కథ కంచి దారి పట్టి కదిలి వెళ్ళింది,
కాలవ గట్టు మీద గాలి సద్దుమణిగింది,
అలసిన పాపలకు అమ్మ ఒడి ఉంది,
మనమూ ఇల్లు చేరాము, కునుకు రమ్మంది.